తెర మీది నల్ల టేపు

ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో ముప్పై ఏళ్ళుగా "ఊపిరి బిగపట్టండి, ఇక వదలండి" అని అందరికీ చెబుతూ వచ్చిన మనిషి, ఆ పొద్దున తొమ్మిదీ నలభైకి తన ఊపిరి తనే వదలడం మరిచిపోయి రెండో అంతస్తు వరండాలో నిలబడిపోయాడు. భుజాన కెమెరా సంచి, చెవి దగ్గర ఫోను, అవతల కూతురు.

"నాన్నా, వింటున్నావా? నీ కెమెరా కార్డు ఇంట్లోనే ఉంది. కంప్యూటరుకి పెట్టి అలాగే వదిలేశావు. అందులో పిచ్చుకల ఫొటోలే ఉన్నాయి. అమ్మది ఒక్కటి కూడా లేదు."

ఆయన ఎదురుగా మూసి ఉన్న తలుపు. దాని వెనక మంచం మీద ఆయన భార్య, ఆకుపచ్చ గౌను వేసుకుని పదకొండింటికి జరగాల్సిన ఆపరేషను కోసం ఎదురుచూస్తోంది. ఎడమ చెవి కింద గోళీకాయంత గడ్డ. తీసెయ్యడం పెద్ద పనేమీ కాదు గానీ, ముఖాన్ని కదిలించే నరం సరిగ్గా అక్కడినుంచే పోతోందని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. చేతనైనంతా కాపాడతాం, మాట మాత్రం ఇవ్వలేం అంది. నరానికి దెబ్బ తగిలితే ఎడమవైపు పెదవి లేవదు. కొన్నాళ్ళు కావచ్చు, ఎప్పటికీ కావచ్చు.

ఆ మాట విన్న ఆదివారం భార్య అద్దం ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత ఆయన దగ్గరికొచ్చి, నన్నో ఫొటో తియ్యండి, నవ్వుతున్నది, అని అడిగింది. ఆయన తన చెవుల్ని తనే నమ్మలేదు. ఇరవయ్యారేళ్ళుగా కెమెరా కనబడితే ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి. పోతే పోనీ, ఒకప్పుడు ఇలా నవ్వేదాన్నని చూసుకోవడానికైనా ఉండాలి కదా అంది. ఆయన వంటింటి కిటికీ పక్కన స్టూలు వేసి, ఆమెను కూర్చోబెట్టి, వెలుతురు సరిచూసుకుని ముప్పై ఆరు ఫొటోలు తీశాడు. ఆ ముప్పై ఆరూ ఇప్పుడు గాలికి పోయాయి.

కార్డే లేకపోతే కెమెరా ఎలా పనిచేసిందని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆ సంగతి తెలియాలంటే ఆయన సంగతి కొంచెం తెలియాలి.

తోటివాళ్ళు ఆయనకు పెట్టిన పేరు ముప్పయ్యారు. రీలు రోజుల్లో ఒక రీలుకి ముప్పై ఆరు ఫొటోలు వచ్చేవి. ఆ లెక్క ఆయన ఒంటికి పట్టేసింది. కార్డులో వేలకు వేలు పడతాయని తెలిసినా, ముప్పై ఆరు కాగానే కెమెరా సంచిలో పెట్టేస్తాడు. వయసులో ఉండగా, ఎక్స్‌రే గది వెనకున్న చీకటిగదిలో పగలంతా జనం ఎముకలు కడిగి, డ్యూటీ దిగాక తన ఫొటోలు కడుక్కునేవాడు. మేడమెట్లు, ఆరేసిన దుప్పట్లు, బస్సు కోసం మెడలు చాచిన జనం, కంటికి ఏది నచ్చితే అది. ఎవరికి చూపించుకోవాలనీ లేదు, తడి కాగితం మీద బొమ్మ పైకి తేలుతుంటే చూడటమే ఆయన సంబరం.

ఉన్నట్టుండి ఒకరోజు మానేశాడు. ఎందుకని అడిగితే తీరిక లేదనేవాడు. ఆ తర్వాత ఎక్స్‌రేలు కంప్యూటర్లోకి వచ్చేశాయి, చీకటిగదిలో పాత కాగితాల బీరువాలు పెట్టారు. ఆ గది తలుపు సందుల్లోంచి వెలుగు రాకుండా అతికించే నల్ల టేపు చుట్ట ఒకటి మిగిలితే ఆయన ఇంటికి తెచ్చుకుని దాచుకున్నాడు.

కిందటేడు కూతురు తను వాడటం మానేసిన డిజిటల్ కెమెరా తెచ్చి ఒళ్ళో పెట్టింది. వద్దు వద్దంటూనే ఆయన వారం తిరక్కుండా మేడెక్కి పిచ్చుకల వెంట పడ్డాడు. అన్నీ నచ్చాయి గానీ, వెనకున్న తెర ఒక్కటే మింగుడుపడలేదు. ఫొటో తీసిన మరుక్షణం తల దించి తెర చూసుకునేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. ఎదుటి మనిషిని చూడాలి గానీ చేతిలో డబ్బాని చూసుకోవడమేమిటి అనేవాడు. దాచుకున్న నల్ల టేపు తీసి తెర మీద రెండు పొరలు అతికించేశాడు. కూతురు నెత్తి కొట్టుకుని, అది నీకేదైనా చెప్పాలనుకుంటే ఎలా చెబుతుంది నాన్నా అంది. నాకు ఫొటోలు తియ్యడం డబ్బా నేర్పాలా అన్నాడాయన.

ఆ డబ్బా కార్డు లేకపోయినా నొక్కితే టిక్కుమనే రకం. కార్డు లేదు మొర్రో అని తెర మీద రాస్తుంది. ఆదివారం నాడు ముప్పై ఆరు సార్లూ రాసే ఉంటుంది, టేపు కింద.

"కార్డు పట్టుకుని ఇప్పుడే బయల్దేరుతున్నా. ముప్పావుగంటలో అక్కడుంటా. అమ్మకి ఏం చెబుతావు?" అంది కూతురు ఫోనులో.

చూస్తాలే అని ఆయన ఫోను పెట్టేశాడు. చెప్పడానికేముంది, అబద్ధం నాలుక చివరే సిద్ధంగా ఉంది. ఈ గదిలో వెలుతురు భలే ఉంది, ఇంకో నాలుగు తీస్తాను, కొంచెం నవ్వు, అంటే చాలు. ఆవిడ నమ్మేస్తుంది. అంత సులువుగా నమ్మేస్తుందని తెలియడం వల్లే ఆయన తలుపు తియ్యలేకపోతున్నాడు. ఎందుకంటే ఇది ఆయన చెప్పబోయే మొదటి అబద్ధం కాదు.

ఇరవయ్యారేళ్ళ కిందట, కూతుర్ని పొత్తిళ్ళలో ఇంటికి తెచ్చిన రోజున, అత్తగారు మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, అల్లుడుగారూ ఒక ఫొటో తియ్యండి అని తనంతట తాను అడిగింది. అంతకుముందు ఆవిడ కెమెరాకి అందిన మనిషి కాదు. ఆయన ఉత్సాహం పట్టలేక రంగుల రీలు ఎక్కించి మొత్తం తీసేశాడు. ఆ తొందరలో రీలు కొస కెమెరా లోపలి చక్రం పళ్ళకి తగులుకుందో లేదో చూసుకోలేదు. తిప్పినకొద్దీ పైన అంకెలు మారాయి గానీ లోపల రీలు కదలనే లేదు. రంగుల రీలు చీకటిగదిలో కడగడం కుదరక వీధి చివరి ల్యాబుకి ఇస్తే, ల్యాబాయన ఆయన్ని పక్కకి పిలిచి, రీలు తిరగలేదు సార్, మొత్తం ఖాళీ, అని మెల్లగా చెప్పాడు. ఇవాళ రేపు అంటూ ఇంట్లో దాటేస్తుండగానే రెండు నెలలకి అత్తగారు పోయింది. భార్య ఏడుస్తూ ఆ ఫొటోలేవని అడిగింది. ల్యాబులో పాడుచేశారు అన్నాడు.

ఆవిడ ఊరుకునే మనిషి కాదు. చంకలో పసిపిల్లతో ల్యాబుకి వెళ్ళి, మా అమ్మని మళ్ళీ చంపావని ఆ మనిషిని నలుగురిలో కడిగి పారేసింది. ఈయన వెనకే నిలబడ్డాడు. ల్యాబాయన ఈయన వంక ఒక్కసారి చూసి, తల దించుకుని, పొరపాటైందమ్మా అన్నాడు. వీధిలో ల్యాబాయన పేరు చెడిపోయింది. ఏడాదిలోపే దుకాణం మూసుకుని ఎటో వెళ్ళిపోయాడు. ఈయన కెమెరా బీరువాలో పెట్టింది ఆ వారంలోనే. తీరిక లేక కాదు, సిగ్గుతో.

వరండా చివర్నుంచి నర్సమ్మ గబగబా వచ్చింది. ముందున్న కేసు వాయిదా పడిందట, మీ ఆవిణ్ణి పదింపావుకే తీసుకెళ్ళిపోతారు అని చెప్పి వెళ్ళింది. ఆయన గడియారం చూసుకున్నాడు. పది కావడానికి ఐదు నిమిషాలుంది. కూతురు ఇంకా సగం దారిలో కూడా ఉండదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"ఫోను దానిదేనా? ఫొటోలు చూసిందటా? మరీ పళ్ళన్నీ కనబడుతున్నాయా?" అంది భార్య. ఆయన తలుపు దగ్గరగా వేస్తుండగానే తనే మళ్ళీ, "ఏదైతేనేం, ఈసారి మధ్యలో ఆ ల్యాబువాడు లేడు. నాకదే ధైర్యం" అంది.

ఆ మాటతో నాలుక చివరి అబద్ధం లోపలికి పోయింది. ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"ఫొటోలు లేవు. కార్డు పెట్టకుండా తీశాను. ఒక్కటీ పడలేదు."

ఆగితే మళ్ళీ నోరు పెగలదని ఆయనకు తెలుసు.

"అప్పుడు మీ అమ్మవీ అంతే. రీలు నేనే సరిగా ఎక్కించలేదు. ల్యాబాయన తప్పు ఆవగింజంత కూడా లేదు. నేనే నీకు అబద్ధం చెప్పాను."

బయట ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ పోయారు. ఆవిడ ముఖం మెల్లమెల్లగా ఎర్రబడింది.

"నేను ఆయన్ని అన్న మాటలన్నీ మీరు నా వెనకే నిలబడి విన్నారు."

"విన్నాను."

"ఇరవయ్యారేళ్ళు దాచినవాళ్ళు ఇంకో రెండు రోజులు దాచలేకపోయారా? ఇంకాసేపట్లో నన్ను కొయ్యబోతుంటే ఇప్పుడా చెప్పడం?"

"ఫొటో మళ్ళీ తియ్యాలి. ఎందుకో చెప్పకుండా తీస్తే అది ఇంకో అబద్ధం. నా వల్ల కాలేదు."

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. ఫోనుతో తీసేది ఫొటో ఎలా అవుతుందని పెళ్ళిళ్ళలోనూ ఆసుపత్రిలోనూ కనబడ్డవాళ్ళందరికీ క్లాసు పీకిన మనిషి, ఇప్పుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎక్కడ నొక్కాలో వెతుక్కున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"నాకు నవ్వు రాదు," అందావిడ.

"వద్దు. ఎలా ఉన్నావో అలాగే ఉండు."

ఒకటి తీశాడు. ఇంకొకటి తీసేలోగా తలుపు తెరుచుకుని స్ట్రెచరు లోపలికి వచ్చింది. ఇద్దరు మనుషులు ఆవిణ్ణి పడుకోబెట్టి వరండాలోకి తోశారు. ఆయన పక్కనే నడిచాడు. ఆవిడ ఆయన వంక చూడలేదు, పైకప్పు లైట్లనే చూస్తూ పోయింది. ఇలా మాట్లాడకుండానే లోపలికి వెళ్ళిపోతుందేమోనని, అదే ఆఖరి మాటైపోతుందేమోనని ఆయనకు భయం వేసింది. ఆపరేషను గది తలుపు దగ్గర స్ట్రెచరు ఆగింది.

"ఏదీ, చూపించండి," అని చెయ్యి చాచింది.

ఆయన ఫోను ఇచ్చాడు. ఆవిడ దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. కనుబొమ్మల మధ్య రెండు గీతలు, అదిరే ముక్కుపుటాలు, బిగించిన నోరు.

"అచ్చం మా అమ్మ," అంది. "కోపమొస్తే ఇలాగే ఉండేది."

అంటూనే నవ్వింది. రెండు వైపులా సమానంగా, పళ్ళన్నీ కనబడేలా, ఆదివారం ముప్పై ఆరుసార్లు అడిగినా రానంత నవ్వు. ఫోను ఆవిడ చేతిలో ఉంది. ఆయన దానికోసం చెయ్యి చాచలేదు, కళ్ళు ఆర్పకుండా చూశాడు. తలుపులు తెరుచుకున్నాయి, నర్సమ్మ ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది, స్ట్రెచరు లోపలికి వెళ్ళిపోయింది.

కూతురు రొప్పుతూ వచ్చేసరికి ఆయన బెంచీ మీద కూర్చుని గోటితో కెమెరా తెర మీది టేపు పీకుతున్నాడు. జిగురు ఒక పట్టాన వదల్లేదు. ఆపరేషను జరిగిన మూడు గంటలూ అదే పని చేస్తూ కూర్చున్నాడు. మధ్యలో కూతురు ఏదో అడిగితే, పాత సంగతి దానికీ చెప్పేశాడు. అది సంచిలోంచి తడిగుడ్డ తీసి ఇచ్చింది.

గడ్డ మొత్తం వచ్చేసిందని, నరం తెగలేదు గానీ బాగా నలిగిందని, ఎప్పటికి కోలుకుంటుందో ఇప్పుడే చెప్పలేమని డాక్టరమ్మ చెప్పింది. నాలుగో రోజున కట్టు విప్పారు. భార్య అద్దం తెప్పించుకుని నవ్వడానికి ప్రయత్నించింది. కుడివైపు లేచింది, ఎడమవైపు ఉన్నచోటే ఉండిపోయింది. అద్దం బోర్లించి కాసేపు ఏడ్చింది. ఆయన ఓదార్చబోలేదు, ఆ హక్కు ఇంకా తనకు తిరిగి రాలేదని తెలుసు.

కళ్ళు తుడుచుకున్నాక మాటలు కూడదీసుకుంటూ, ల్యాబాయన ఎక్కడున్నాడో వాకబు చెయ్యండి అంది. ముందు మీరెళ్ళి చెప్పండి, తర్వాత నేనొచ్చి కాళ్ళు పట్టుకుంటాను అంది. ఆయన సరేనన్నాడు. నిన్నటి నుంచే ఆ పాత వీధి దుకాణాలన్నిటికీ తిరుగుతున్నానని, ఒకాయన కనుక్కుని చెబుతానన్నాడని చెప్పాడు.

ఆవిడ కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది.

"కెమెరా తెచ్చారా?"

"తెచ్చాను."

"కార్డుందా?"

ఆయన కెమెరా పక్కనున్న చిన్న మూత తెరిచి, మంచం దగ్గరికి వంగి, లోపలున్న కార్డు చూపించాడు. ఆవిడ తల కొంచెం ఎత్తి పరీక్షగా చూసింది.

"సరే, మూసెయ్యండి," అంది. "వెలుగు పడుతుంది."

రీలు రోజుల్లో ఇంట్లో ఎవరు కెమెరా ముట్టుకున్నా, మూత తెరిస్తే రీలు పాడవుతుందని ఆయన వేసే కేక అది. ఆవిడ నవ్వింది. సగం ముఖమే నవ్వింది. ఆయన మూత వేసి, ఒకటి తీసి, జన్మలో మొదటిసారి తల దించి తెర చూశాడు. బొమ్మ ఉంది. కెమెరా తిప్పి ఆవిడకు చూపించాడు.