శ్రీపతి సారు అట్టముక్కల పరీక్ష

నాంపల్లి స్టేషన్ వెనక సందులో కాపురముండే శ్రీపతి సారు బడిలో సైన్సు చెప్పేవాడు. 1936లో ఆబిడ్స్‌లోని పాత పుస్తకాల దుకాణంలో ఆయనకు ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. ఒకరి మనసులోని మాట చెప్పకుండానే ఇంకొకరికి తెలుస్తుందా అని విదేశాల్లో పరీక్షలు చేస్తున్నారని అందులో ఉంది. అది చదివాక ఆయన చూపు భార్య వసుమతి మీద పడింది. ఆయన బడి నుంచి వచ్చి నోరు తెరవకముందే ఆమె మంచినీళ్ల చెంబుతో ఎదురుగా నిలబడేది మరి.

"నాకు దూపైందని నీకెట్ల తెలుస్తది?" అని అడిగాడు.

"ఎండల నడిచొచ్చినోళ్లకు దూప గాదా?" అంది వసుమతి.

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. అట్ట కోసి ఇరవై అయిదు ముక్కలు చేశాడు. చేప, దీపం, గొడుగు, ఆకు, నెలవంక, ఒక్కో బొమ్మ అయిదేసి ముక్కల మీద వేశాడు. పొద్దున్నే వాటిని కలిపి డబ్బాలో పెట్టి బడికి పోయేవాడు. సాయంత్రం వచ్చాక గదికీ వంటింటికీ మధ్య తెర దించి, పైనుంచి ఒక్కో ముక్క తీసి చూస్తూ ఆ బొమ్మనే తలచుకునేవాడు. తెర ఇవతల బియ్యం ఏరుకుంటూ వసుమతి తోచింది చెప్పేది. ఊరికే నోటికొచ్చింది చెప్పినా అయిదు కలుస్తాయని లెక్క. ఆమెకూ అంతే కలిసేవి. ఒకరోజు నాలుగు, ఒకరోజు ఆరు. ఆయన అన్నీ తారీఖు వేసి నోటుబుక్కులో రాసుకునేవాడు.

మొదట్లో వసుమతికి విసుగే. పోను పోను ఆ గంట కోసం వంటపని ముందే ముగించుకోసాగింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆయన రోజూ ఆమె నోటి మాట కోసం చెవి ఒగ్గి కూర్చున్నది అప్పుడే.

రెండో ఏడు వానాకాలంలో ఒకనాడు ఆయన అన్నం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా లేచాడు. బతిమాలి అడిగితే చెప్పాడు. ఈ పరీక్షల సంగతి తెలిసి తోటి పంతుళ్లు 'దయ్యాల సారు' అని పేరు పెట్టారట. పిల్లలూ అంటున్నారట.

మర్నాడు ఆయన బడికి పోగానే వసుమతి డబ్బా తెరిచింది. ముక్కల వరుసంతా చూసి, ఎట్లా ఉన్నవి అట్లా పెట్టేసింది. చేప, చేప, గొడుగు, దీపం... బట్టలుతుకుతూ, పచ్చడి నూరుతూ పొద్దంతా అదే పాఠం. సాయంత్రం కావాలనే నాలుగు తప్పు చెప్పి, ఇరవై ఒకటి సరిగ్గా చెప్పింది.

తెర లాగి వచ్చిన ఆయన ముఖం చూసి ఆమె కడుపు నిండిపోయింది. ఆ పూట అన్నం మారు అడిగి పెట్టించుకున్నాడు. తిన్నాక కూర్చుని లండన్‌లో పరీక్షలు చేసేవాళ్లకు ఉత్తరం రాశాడు. సంతకం కింద బడి పేరు కూడా వేశాడు. అప్పుడు పట్టుకుంది ఆమెకు భయం.

మర్నాడు సుల్తాన్ బజార్‌లో దారాలు కొనాలని వంక చెప్పి ఆయన వెంట బయల్దేరింది. ఆబిడ్స్ పోస్టాఫీసు మెట్ల దగ్గర చొక్కా చెయ్యి పట్టుకుంది.

"జర ఆగుండ్రి. గా ఉత్తరం ఎయ్యకుండ్రి."

"ఏంది? ఎందుకు?"

"నేను డబ్బా తెరిచి చూసిన. పొద్దంత బట్టీ పట్టిన."

ఆయన ఉత్తరం పట్టుకున్న చెయ్యి కిందికి దించాడు.

"ఎందుకు చేసినవ్ వసూ?"

"మీరు అన్నం తినలే గదా."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పాడు. కాసేపటికి తలెత్తాడు.

"ఇర్వై అయిదూ? వరుస తప్పకుండనా?"

"ఔ."

"నాకైతే రాదు" అన్నాడు నెమ్మదిగా.

ఇంటికొచ్చి ఆ ఉత్తరం చింపి ఇంకోటి రాశాడు. రెండేళ్ల లెక్కంతా పంపాడు. ఇరవై ఒకటి వచ్చిన రోజును కొట్టేసి, పక్కన 'డబ్బాకు తాళం వేయకపోవడం నా పొరపాటు' అని రాశాడు. మూడు నెలలకు జవాబొచ్చింది. ఏమీ తేలలేదని ఇంత ఓపికగా రాసేవాళ్లు తక్కువనీ, ఆ లెక్కను దాచుకుంటామనీ రాశారు. దాన్ని ఆయన బడిలో ఎవరికీ చూపలేదు. వసుమతికి తెలుగులో చదివి వినిపించాడు.

"ఇగ ఆపేస్తరా?" అని అడిగిందామె, గిన్నెలు సర్దుతూ, ఆయన వైపు చూడకుండా.

"తేలింది గదా, ఏం లేదని."

"తేలితే తేలనీ. గా గంట నాకుండనీయుండ్రి."

ఆయన పోయి చిన్న తాళం కొనుక్కొచ్చాడు.

యుద్ధం వచ్చింది, పోయింది. ఆయనకు చూపు మందగించింది. 1946లో బొమ్మలు కనబడక ఇబ్బంది పడుతుంటే, వసుమతే ముక్కలు చేతిలోకి తీసుకుని తెర అవతలికి పోయింది. ఆయన చెప్పడం, ఆమె చూడడం. మొదటి రోజు మూడే కలిశాయి.

"నా మనసుల ఏముందో మీకు జర కూడా తెల్వదు" అంది వసుమతి.

"నువ్వు గట్టిగ తలుచుకుంటలేవు" అన్నాడు ఆయన తెర వెనక నుంచి.

నవ్వాపుకుంటూ ఆమె నోటుబుక్కులో తారీఖు వేసి, మూడు అని రాసింది.