అత్త వంతు ఉపవాసం

మా అమ్మ అబద్ధమాడదని నమ్మేదాన్ని. చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రటరీ, సండే స్కూల్లో మాకు పది ఆజ్ఞలు కంఠతా పట్టించిన మనిషి. ఆ మనిషే మూడు నెలలపాటు ఫోన్లో నాకు అత్త బాగా తింటోందని చెబుతూ వచ్చింది. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అత్తంటే మా నాన్న అక్క. అరసవల్లి రోడ్డులో మా పక్కిల్లే. రొమ్ము కేన్సర్‌కి విశాఖలో కీమో మొదలుపెట్టారు. ఆమె కోసం సమాజం ఆడవాళ్ళు గొలుసు ఉపవాసం పట్టారు. రోజుకొక ఇల్లు పస్తుండి ప్రార్థన చేస్తుంది. జబ్బు మనిషికి మాత్రం వంతు వేయరు.

నేనప్పుడు హైదరాబాదులో కేన్సర్ కణాల మీద పరిశోధన చేస్తున్నాను. సెలవు పెట్టి ఇంటికి వెళితే, నువ్వు చదివేదేమిటో మాకూ చెప్పమని సమాజం వాళ్ళు కూర్చోబెట్టారు. ఉపవాసానికి నోబెల్ వచ్చిందని ఫోన్లలో మెసేజీలు తిరుగుతున్న రోజులవి. నాకూ కాస్త గొప్పగానే అనిపించింది. కణంలో తిండి ఉన్నంతసేపు కొన్ని ప్రోటీన్లు ఒక జట్టుగా చేరి, కణం తనను తాను తినకుండా ఆపుతాయని చెప్పాను. తిండి ఆగితే ఆ జట్టు పట్టు సడలుతుంది, ఇంకో జట్టు పనిలోకి దిగుతుంది, కణం తనలోని పాడైన సరుకునంతా సంచుల్లో చుట్టి కరిగించుకుని బతుకుతుంది అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. అత్త ముందు వరసలో ఉంది.

మూడు నెలల తర్వాత కీమోకి నేనూ తోడు వెళ్ళాను. అత్త సగమైపోయింది. బరువు బాగా పడిపోయిందని, ఈసారికి కీమో వాయిదా వేస్తామని డాక్టరు అన్నారు. తిండి సంగతి అడిగితే అమ్మ తడుముకోకుండా బాగానే తింటోందండీ అంది.

బయట బల్ల మీద కూర్చోబెట్టి ఇడ్లీ పొట్లం ఇస్తే అత్త పక్కకు పెట్టేసింది.

"ఈయాల నా వంతు," అంది.

ఎప్పటినుంచి అని అడిగాను. అత్తే చెప్పింది, నేను మాట్లాడి వెళ్ళిన వారం నుంచి, వారానికి మూడేసి రోజులని. "నువ్వే గదా సెప్పినావు, ఆకలేస్తే కణం సెత్తంతా తినేస్తాదని. నీకు తెలిస్తే మానిపించేస్తావని మీ అమ్మ సెప్పనియ్యలేదు."

సమాజంలో అందరికీ తెలుసట. నా ఒక్కదానికే తెలియదు. ఇంత మోసమా అని ఆసుపత్రి వరండాలో అమ్మ మీద అరిచేశాను. కేన్సర్ కణం కూడా ఆకలికి అదే పని చేస్తుందని, తన సరుకు తానే తిని మందు దెబ్బను తట్టుకోగలదని, నేను చదువుతున్నదంతా అదేనని, పస్తులతో చిక్కిపోయేది మాత్రం మనిషేనని ఒక్క గుక్కలో చెప్పేశాను.

అమ్మ ఏడుస్తోంది. అత్త నన్నే చూస్తోంది.

"ఇది నీకు ఆ రోజు తెలుసా?"

తెలుసన్నాను. నువ్వు ఎదురుగా కూర్చున్నావు, నీ ముందు కేన్సర్ అన్న మాట అనలేకపోయాను అన్నాను.

"నేనెదురుగా ఉన్నాననే గదే సెప్పాల," అంది.

పొట్లం విప్పి తినడం మొదలుపెట్టింది. తిన్నంతసేపూ నా వైపు చూడలేదు.