పెట్టుకుంటేనే బండెక్కుతా

మా నాయనకు హెల్మెట్ లేక కాదు. మోపెడ్ హ్యాండిల్‌కు ఒకవైపు పాలక్యాను, ఇంకోవైపు హెల్మెట్ వేలాడుతూ రోజూ మా ఊరి నుంచి పామిడి దాకా వెళ్ళేవి. పెన్న వంతెన దగ్గర పోలీసులుంటే ఎదురొచ్చే బండ్లవాళ్ళు ముందే చెయ్యూపి చెప్పేవాళ్ళు, "ఆడ ఉండారప్పా" అని. వెంటనే నాయన బండి ఆపి, తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని, హెల్మెట్ తగిలించుకుని వంతెన దాటేవాడు. దాటగానే మళ్ళీ తలగుడ్డే. వెనక సీట్లో కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయేది. చలానా తప్పించుకోవడానికేనా దేవుడు మనిషికి తలకాయ ఇచ్చింది?

నేను పామిడిలో నైటీలు కుట్టే షెడ్డులో పనిచేస్తాను. నాయన పాలు పోయడానికి వెళ్తూ నన్ను అక్కడ దింపుతాడు. దారిలో ఒక మలుపుంది. ఉలవ కోతలయ్యాక రైతులు ఆ మలుపులోనే కాయలతో ఉన్న ఉలవ కట్టెను తారురోడ్డు మీద పరుస్తారు. వానల్లేని మా ఊళ్ళో పండేదే నాలుగు మూటలు. దానికోసం కళ్ళం అలికి, ఎద్దులు తెచ్చి తొక్కించేదెవరు? వచ్చే పోయే లారీలే నూర్చి పెడతాయి. కానీ గింజ రాలిందంటే ఆ రోడ్డు మీద బండి చక్రం నిలవదు.

కొన్నేళ్ళ కిందట అక్కడే నాయన బండి జారింది. నాయన పక్కనున్న మట్టిలో పడ్డాడు. వెనక కూర్చున్న చిన్నాయన, నాయనకు ఒక్కగానొక్క తమ్ముడు, తారు మీద పడ్డాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు, దెబ్బంతా తలకే. అనంతపురం ఆసుపత్రికి చేరకముందే పోయాడు. ఆ రోజు రోడ్డు మీద పరిచిన ఉలవ మాదే. ఆ తరువాత మేం పరచడం మానేశాం, ఊళ్ళో మిగతావాళ్ళు మానలేదు. నాయన ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, మమ్మల్నీ ఎత్తనివ్వలేదు.

అంత జరిగినా హెల్మెట్ పెట్టుకోడే! అడిగితే ఒకటే మాట.

"మొగం కనపడకుండా పోతే యెట్ల పాపా? ఎదురైనోళ్ళని పలకరించకుంటే పొగరంటారు."

అందులో అబద్ధమేమీ లేదు. మా వైపు మనిషి ఎదురుపడితే "యాడికప్పా?" అనాలి. జవాబు రాకపోయినా ఫర్వాలేదు గానీ, అడక్కుండా పోతే మాత్రం తప్పు. హెల్మెట్‌లో ఉన్న అల్లుడు పలకరించకుండా పోయాడని మా ఊరి పెద్దమనిషి ఒకాయన ఉగాది దాకా అతనితో మాట్లాడలేదు. నిజమేలే అని నేనూ చాలాకాలం ఊరుకున్నాను. ఒక పొద్దున మాత్రం ఊరుకోలేకపోయాను. నాకోసం కొనుక్కున్న హెల్మెట్ తగిలించుకుని బండి పక్కన నిలబడ్డాను.

"నువ్వూ పెట్టుకుంటేనే బండెక్కుతా నాయనా. లేకుంటే నడిచే పోతా."

"పో అయితే," అన్నాడు.

నడిచాను. నాయన నా పక్కనే, నడకంత నిదానంగా బండి తోలుతూ వచ్చాడు. టీ అంగడి దగ్గర గ్లాసులు పట్టుకున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"ఏమప్పా, బిడ్డ అలిగిందా?"

నాయన ముఖం కందగడ్డయింది. "ఎండ ఎక్కుతాంది, పాలిరిగిపోతాయి, ఎక్కు పాపా," అన్నాడు గొంతు తగ్గించి.

"పాలిరిగితే పారబోస్తాం నాయనా. తలకాయ పగిల్తే యేం చేద్దాం?"

విసురుగా బండి తోలుకుని వెళ్ళిపోయాడు. నేను ఆటో ఎక్కాను. మరుసటి రోజూ అదే తంతు. ఆ మరుసటి రోజూ అంతే. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే వంశం మాది, ఆ సంగతి నాయనకు నాకంటే బాగా తెలుసు. చివరికి ఒకరోజు ఊరి మధ్యలో, టీ అంగడి ముందరే తలగుడ్డ విప్పి హెల్మెట్ పెట్టుకుని, "కూసో," అన్నాడు. అంతే. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

మొదట్లో ఎవరు ఎదురైనా బండి ఆపడం, హెల్మెట్ తీయడం, "యాడికప్పా?" అనడం, మళ్ళీ పెట్టుకోవడం. పామిడి చేరేసరికి పాల కేంద్రం మూసేస్తారేమోనని నాకు గుబులు. పోనుపోను హారన్ కొట్టి చెయ్యెత్తడం నేర్చుకున్నాడు. ఊరూ ఆ హారన్‌ను పలకరింపు కిందే జమ కట్టుకుంది.

మొన్న పామిడిలో, షెడ్డులో నాతోపాటు కుట్టే జతకత్తె పెళ్ళి. పట్టుచీర కట్టి, జడ నిండా కనకాంబరాలు పెట్టుకున్నాను. వాటి మీద హెల్మెట్ ఎలా పెట్టేది? దాన్ని హ్యాండిల్‌కు తగిలించి, "ఈ ఒక్క పూటకేలే నాయనా," అంటూ ఎక్కబోయాను.

నాయన ఇంజను ఆపేశాడు. ఒక్క మాట అనకుండా బండి దిగి, నెత్తిన హెల్మెట్‌తోనే దాన్ని తోసుకుంటూ నడవసాగాడు. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వెనక నేను.

"ఏమమ్మా, ఈసారి నాయన అలిగినాడా?" టీ అంగడి అంతా ఒకటే నవ్వు.

"అందరూ నవ్వుతాండారు, ఎక్కు నాయనా," అని బతిమాలాను. కోపమూ వచ్చింది. నా విద్య నా మీదే ప్రయోగిస్తున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా నాయన ఆగలేదు. మలుపు దగ్గరికొచ్చాకే బండికి స్టాండు వేశాడు. ముందర రోడ్డు మీద ఎవరిదో ఉలవ కట్టె పరిచి ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"మీ చిన్నాయన యెనకాలే కూసోని ఉండె పాపా," అన్నాడు. "తోలినోడికి యేమీ కాల్యా. తోలినోడు ఇంటికి పోయి మీ చిన్నమ్మకు చెప్పినాడు."

ఉలవ మీంచి చూపు తిప్పకుండానే, "ఇంగోసారి చెప్పలేను," అన్నాడు.

జడలోని కనకాంబరాలు తీసి సంచిలో వేసుకున్నాను. హ్యాండిల్‌కున్న హెల్మెట్ తీసి పెట్టుకున్నాను. ఉలవ కట్టె దాటేదాకా ఇద్దరం నడిచాం. దాటాక నాయన బండెక్కాడు, నేను వెనక కూర్చున్నాను. నాయన వెనక్కి చెయ్యి చాపి, నా గడ్డం కింద పట్టీ బిగిసిందో లేదో తడిమి చూసుకుని, అప్పుడు బండి కదిలించాడు.