వేణ్నీళ్ళ మాస్టారు

పదహారేళ్ళు నిలబడ్డ ఆవిరి ప్రెస్సు దగ్గర్నుంచి మాస్టారుని తీసేసి, దుప్పట్లు మడతపెట్టే చల్లగదిలో కూర్చోబెట్టారు. ఆయన తప్పేమీ చెయ్యలేదు. ఆ పని చేయించింది నేను. అర్జీ రాసింది నేను, పదకొండు మంది చేత సంతకాలు పెట్టించింది నేను, దాన్ని మేనేజరు బల్ల మీద పడేసి రొమ్ము విరుచుకుని నిలబడింది కూడా నేనే. మాస్టారుకి ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను.

మాది పెద్ద లాండ్రీ. హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రి గౌన్లు, ఒక్కసారి తొడిగి మరక చేసుకున్న ఖరీదైన కోట్లు, అన్నీ అక్కడికే వస్తాయి. నాది డ్రైక్లీనింగ్ మిషను. ఎదురుగా మాస్టారు ఇస్త్రీ ప్రెస్సు. పనితనం చూసి అందరూ ఆయన్ని మాస్టారనేవారు. పెడల్ మీద కాలు వేస్తే పై పలక దిగేది, బుస్సుమని ఆవిరి లేచేది, ఆ తెల్లటి మబ్బులోంచి మాస్టారు తల బయటికి వచ్చేది. కాలరు మీద వేళ్ళు పోనిచ్చి చొక్కా తొడిగినవాడి గుణం చెప్పేవారు. "వీడు మెడ తిప్పడు, పొగరు. వీడు భార్య చూడకుండా జేబులో మిఠాయి దాచుకుంటాడు." చొక్కాలతో తప్ప మనుషులతో ఆయన మాట్లాడ్డం తక్కువ. మధ్యాహ్నం డబ్బా విప్పి గోడవైపు తిరిగి తినేవారు. పిలిస్తే వచ్చేవారు, పిలవకపోతే రారు. మేం ఎక్కువగా పిలవలేదు.

ఆయనకి నలభై ఆరేళ్ళు. చూస్తే అరవై. రెండు మూడు నెలలకోసారి వాంతులు పట్టుకునేవి. మామూలు వాంతులు కావు. మంచినీళ్ళు తాగినా బయటికే, చివరికి పసుప్పచ్చటి చేదు నీళ్ళు. మూడు నాలుగు రోజులు పనికి వచ్చేవారు కాదు. తిరిగి వచ్చేసరికి బుగ్గలు లోపలికి పోయేవి. నేను చేరడానికి ముందే ఒక నర్సింగ్ హోములో పొట్ట కోసి పిత్తాశయం తీసేశారు. అందులో రాయీ లేదు, రప్పా లేదు. నెలన్నర తిరక్కుండా వాంతులు మళ్ళీ మొదలు.

"పిత్తాశయం తీశారు, పిత్తం తియ్యడం మర్చిపోయారు," అనేవారు మాస్టారు, తనమీద తానే జోకేసుకుని. ఎవరూ నవ్వకపోతే తనే కొంచెం నవ్వేవారు.

ఒకరోజు బట్టలు మార్చుకునే గదిలో ఆయన వీపు చూశాను. వీపు మీద, పొట్ట మీద చేపల వల కప్పినట్టు గోధుమరంగు గీతలు. అంతకుముందే నేను పాత పుస్తకాల దుకాణంలో రసాయనాల మీద రెండు పుస్తకాలు తెచ్చుకున్నాను. ఒకటి సగం చదివాను, రెండోది మొదలుపెట్టాను. ఆపాటి చదువుతో వచ్చే ధైర్యం అంతా ఇంతా కాదు.

"మాస్టారూ, ఇది సాల్వెంటు పని. నా మిషన్లోంచి వచ్చే వాసనే మిమ్మల్ని తినేస్తోంది. చర్మం చూడండి, కాల్చినట్టు లేదూ?"

ఆయన చొక్కా గుండీలు పెట్టుకున్నారు. "అంతే అంటావా?"

"అంతే. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఉంటే అంతేలే, లాయరూ," అన్నారు. అప్పట్నుంచి నాకు ఆ పేరే ఖాయమైంది. ఆ గొంతులో ఏదో బరువు దిగినట్టు వినిపించింది. కృతజ్ఞత అనుకున్నాను.

అర్జీ వెళ్ళింది. తనిఖీవాళ్ళు వచ్చారు. గాజు గొట్టాలతో గాలి పట్టుకెళ్ళి, పది రోజులకి అంతా పరిమితిలోనే ఉందని కాగితం పంపారు. మేనేజరు ఆ కాగితం నా మొహం ముందు ఆడించి, "పాపం, మీ మాస్టారుకి వేడీ పొగా పడట్లేదు కదా, చల్లగా కూర్చోమను," అన్నాడు. చల్లగది అంటే ఏసీ గది. పొడి దుప్పట్లు కుప్పలుగా పడి ఉంటాయి. నలుగురు ఆడవాళ్ళు ఆపకుండా కబుర్లాడుకుంటూ మడతలు పెడుతుంటారు. మాస్టారుకి ఒక మూల బల్ల వేశారు.

అక్కడికి వెళ్ళాక జబ్బు ముదిరింది. నాలుగు రోజుల వాంతులు ఎనిమిది రోజులయ్యాయి. ఏడాదిపాటు నేను కళ్ళెదుటే చూసి కూడా చూడని సంగతి ఒకటుంది. కడుపులో తిప్పినప్పుడల్లా మాస్టారు వెచ్చటి ప్రెస్సు అంచుకి పొట్ట ఆనించి నిలబడేవారు. ఆ వేడి మీదే ఆయన పగళ్ళు గడిచేవి. ఆ వేడిని నేను లాగేశాను.

తొమ్మిదో రోజు ఆయన్ని చూడ్డానికి ఇంటికి వెళ్ళాను. కింది వాటాలో ఆయన అక్క, పైన ఒక గదిలో ఆయన. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆ అక్కే. నేను వెళ్ళేసరికి చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ తలుపు తీసింది.

"పైకి వెళ్ళు బాబూ. నీళ్ళ చప్పుడు వినపడుతోందంటే ఉన్నాడనే లెక్క. పొద్దున్నుంచి మూడుసార్లు గీజరు ఖాళీ చేశాడు. నేనేమో గిన్నెలు మంచులాంటి నీళ్ళతో తోముకోవాలి. అడిగితే కడుపునొప్పి అంటాడు. కడుపునొప్పికి స్నానమేంట్రా అంటే తలుపేసుకుంటాడు."

మాస్టారు స్నానాలగదిలో ఉన్నారు. తలుపు తోస్తే తెరుచుకుంది. తుండు కట్టుకుని, షవరు కింద ప్లాస్టిక్ స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నారు. నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. గోడల సున్నం పెచ్చులూడి ఉంది. అద్దం మసకబారి మొహం కనపడే పరిస్థితి లేదు. ఆయన ఒళ్ళు ఎర్రగా కందిపోయింది. వీపు మీద ఆ వల గీతలు ఇంకా ముదిరాయి. అర్జీలో నేను 'రసాయన గాయాలు' అని రాసినవి అవే. రోజుకి ఆరేడు గంటలు మరిగే నీళ్ళ కింద కూర్చుంటే పడ్డ గీతలు.

"ఈ నీళ్ళ కిందున్నంతసేపే మనిషిని లాయరూ," అన్నారు కళ్ళు తెరవకుండా. "కట్టేశానా, పేగులు మెలిపెడుతుంది."

కిటికీ గట్టు మీద రేకు డబ్బా ఉంది. పక్కన సగం కాలిన చుట్ట ముక్క. ఆ వాసన నాకు తెలియనిది కాదు.

"అక్కకి చెప్పకు," అన్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"వాంతి ఆగడానికే కదరా. ఇది వాంతులకి మందు. నీ పుస్తకాల్లో లేదా?"

ఉంది. అదే నా ఖర్మ. నేనే ఒకసారి భోజనాల దగ్గర గొప్పగా చెప్పాను, కొన్నిచోట్ల జబ్బుపడ్డవాళ్ళకి వాంతులు ఆగడానికి గంజాయి మందు ఇస్తారని. ఆయన గోడవైపు తిరిగి తింటున్నారు కాబట్టి వినలేదనుకున్నాను.

ఆరోజే మిగతాదంతా చెప్పారు. ఇరవై నాలుగేళ్ళప్పుడు, ప్రెస్సు మీదికి రాకముందు లాండ్రీలో మూటలు మోసే రోజుల్లో మొదలట. పని అయ్యాక లాండ్రీ మేడ మీద నలుగురు చేరేవారు. వ్యాను డ్రైవరు, బాయిలరు మనిషి, కోట్ల చిరుగులకి రఫ్ఫు చేసే దర్జీ, ఈయన. ఒక్కటే చుట్ట నాలుగు చేతులు తిరిగేది. "అప్పుడు నేను కూడా బాగా మాట్లాడేవాణ్ణి తెలుసా? నా జోకులకి దర్జీ పొట్ట పట్టుకుని దొర్లేవాడు." తర్వాత డ్రైవరు ఊరు మారాడు. బాయిలరు మనిషి పెళ్ళాం పెట్టిన ఒట్టుకి కట్టుబడ్డాడు. దర్జీ పోయాడు. మేడ మీద ఈయన ఒక్కరే మిగిలారు. కొన్నాళ్ళకి మేడకి తాళం వేస్తే ఈ గదిలో తాగడం మొదలుపెట్టారు. అప్పుడు సాయంత్రానికి ఒకటి. ఇప్పుడు లేవగానే ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి, మధ్యలో లెక్కలేదు. పొద్దున్నే అరగంట దగ్గు, కఫం. దమ్ము లాగగానే గుండె దడదడా కొట్టుకునేది. నోరు ఎండిపోయి పళ్ళు పుచ్చాయి. అవేవీ ఆయనకి జబ్బులుగా తోచలేదు.

మరుసటి రోజు అక్క నుంచి ఫోను. తమ్ముడు స్టూలు మీద నుంచి పడిపోయాడు. పిక్కలు బిగుసుకుపోయాయి. ముందురోజు నుంచి ఒంటికి వెళ్ళలేదు. ఇద్దరం కలిసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు చేతులకీ సెలైన్ పెట్టారు. ఒక డాక్టరు పొట్ట మీద పాత ఆపరేషను మచ్చ చూసి, మళ్ళీ లోపల ఏదో ఉండి ఉంటుంది, తెరిచి చూడాల్సి రావచ్చు అన్నాడు. అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

అంతలో డ్యూటీ డాక్టరమ్మ వచ్చింది. నా వయసే ఉంటుంది. కళ్ళ కింద నల్లటి చారలు. ఫైలు చూడకుండా దుప్పటి తీసి ఆయన పొట్ట చూసింది. ఆ గోధుమ గీతల మీద వేలు పెట్టి అడిగింది.

"వాంతులప్పుడు బాగా వేడి నీళ్ళు పోసుకుంటే హాయిగా ఉంటుందా?"

మాస్టారు నావైపు తిరిగారు, నేను చెప్పేశానేమోనని. నేను తల అడ్డంగా ఊపాను.

"ఉంటుంది," అన్నారు.

"గంజాయి తాగుతారా?"

ఆ గదిలో ఆరు మంచాలున్నాయి. ఎవరో దగ్గుతున్నారు. అక్క ఆయన కాళ్ళ దగ్గర నిలబడి, "మావాడికి సిగరెట్టు కూడా తెలీదమ్మా," అంది. మాస్టారు చూపు పొట్ట మీది మచ్చ దగ్గర ఆగింది. లేదంటే ఆ మచ్చ పక్కనే ఇంకోటి పడుతుంది. అవునంటే అక్క వింటుంది. ఆ రెండూ ఆయన మొహంలో ఒకదాన్నొకటి తోసుకోవడం నాకు కనపడింది. సెలైను బొట్లు బొట్లుగా దిగుతోంది.

"ఇరవై రెండేళ్ళు," అన్నారు.

డాక్టరమ్మకి ఆశ్చర్యం కలగలేదు. మంచం అంచున కూర్చుని నింపాదిగా చెప్పింది. మొదట్లో అది వికారాన్ని ఆపే మాట నిజమే. ఏళ్ళ తరబడి రోజూ తాగితే కొందరిలో అదే తిరగబడుతుంది, కడుపుని అదే రెచ్చగొడుతుంది. ఏ స్కానులోనూ కనపడదు. వేణ్నీళ్ళతో తగ్గడమే దాని గుర్తు. ఆగడానికని తాగేకొద్దీ పెరుగుతుంది. పూర్తిగా మానడం తప్ప మందు లేదు.

"మీ ఒంట్లో నీరంతా పోయి కిడ్నీలు ఆగిపోబోయాయి. ఈసారి తేరుకుంటున్నాయి. ఇంకోసారి తేరుకుంటాయని నేను మాటివ్వలేను," అంది. పొట్ట మీద రాసుకోవడానికి మిరపకారంతో చేసిన మలాం రాసిచ్చింది. వేడి నీళ్ళు చేసే పనే అదీ చేస్తుందట.

"ఇన్నాళ్ళూ ఉడకబెట్టుకున్నాను, ఇక కారం కూడా దట్టించమంటున్నారు," అన్నారు మాస్టారు. డాక్టరమ్మ నవ్వింది. అక్క నవ్వలేదు.

"నీ కడుపు కోస్తుంటే తలుపు బయట కూర్చున్నదాన్ని నేను," అంది అక్క. గొంతు పెంచలేదు. "ఒక్క మాట చెప్తే ఆ కోత తప్పేది కదరా. అమ్మ పోయిన దగ్గర్నుంచి నీకు జ్వరమొస్తే నేను పస్తున్నాను. నాతో చెప్పుకోలేకపోయావు." సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆయన ఇంటికి వచ్చేసరికి కింది వాటాలోంచి మెట్ల మీదికి తెరుచుకునే తలుపుకి గడియ పడింది.

గంజాయి ఉన్న ఆ రేకు డబ్బాని మాస్టారు తనే పారేశారు. మొదటి మూడు వారాలు నిద్ర లేదు. పరుపు తడిసేలా చెమటలు, కన్నుమూస్తే పీడకలలు. అన్నం వాసన పడదు. ఊరికే కోపం. ఒకసారి నేను తెచ్చిన పళ్ళు నా మీదికే విసిరారు. మరి కాసేపటికి తనే ఏరి తెచ్చారు.

"మానడం కష్టం కాదు లాయరూ. సాయంత్రం ఆరవుతుంది చూడు, అప్పుడేం చెయ్యాలి? అప్పట్నుంచి పడుకునేదాకా ఏం చెయ్యాలి? అది చెప్పు. నీ పుస్తకాల్లో చూసి చెప్పు."

నా పుస్తకాల్లో లేదు. నా సాయంత్రాలకే నాకు జవాబు తెలియదు, పుస్తకాలు అందుకే చదువుతాను. ఒకటి ఆయనకీ ఇచ్చాను. దాని మీద చెంబు పెట్టుకున్నారు.

నేను చెయ్యగలిగింది ఒక్కటే కనపడింది. మాస్టారుని ప్రెస్సు దగ్గరికి మళ్ళీ పంపమని మేనేజరుని అడిగాను. "అయితే గాలి బాగానే ఉందంటావా?" అన్నాడు. అసలు కారణం చెబితే మాస్టారుకి ఉద్యోగమే ఉండదు. అందుకని నా అర్జీ అబద్ధమని, తెలిసీతెలియక రాశానని కాగితం మీద రాసిచ్చాను. సోమవారం నుంచి మాస్టారు ప్రెస్సు దగ్గర. అదే సోమవారం నుంచి నాకు పని లేదు. బాధపడలేదని చెప్పను. ఆ పదకొండు మందిలో ఒక్కడు కూడా నన్ను వీధి చివరిదాకా సాగనంపలేదని ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత ఊరి ఆ చివర ఒక గోదాములో పని దొరికింది. మాస్టారు ఒకటి రెండుసార్లు ఫోను చేశారు. ఫోనులో ఆయనకి మాటలు రావు. "అదే మరి," అనేవారు, "ఉంటా మరి," అనేవారు.

ఆయన్ని ఆఖరుసారి చూసింది నేను ఉదయం ఎక్కే బస్టాపులో. గంజాయి మానేసి అప్పటికి అయిదు నెలలు. చలిగాలి వీస్తోంది. ఆయన ఇల్లు ఆ దారిలో లేదు, లాండ్రీ కూడా లేదు. బుగ్గలు కొంచెం నిండాయి. కాలరు మెడకి సరిపోయింది. తల తడిగా ఉంది, జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కారి భుజాలు తడుపుతున్నాయి. దగ్గు వినపడలేదు.

"అక్క మాట్లాడుతోందా మాస్టారూ?"

"రేడియో పెడుతుంది. వినపడుతుంది," అన్నారు. "నేను కూడా చప్పుడు చెయ్యకుండా వింటాను."

చేతులు చంకల్లో పెట్టుకుని రోడ్డు చూస్తూ నిలబడ్డారు. పెదవులు వణుకుతున్నాయి. ఏదన్నా పనిమీద వచ్చారా అని అడిగాను. లేదని తల ఊపారు. నా బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టాక వెనకనుంచి నా చొక్కా పట్టుకుని ఆపారు.

"ఇవాళ చన్నీళ్ళు పోసుకున్నాను లాయరూ. ఎవరికి చెప్పాలో తెలీలేదు. నీకు చెబుదామని వచ్చాను."