ఎండబెట్టిన పొడి

గొంతు ఆపరేషన్ తర్వాత నాన్నకు మాట పోయింది, అన్నం మింగడమూ పోయింది. ఏది పెట్టినా మిక్సీలో తిప్పి, వడగట్టి, గ్లాసులో పోసి ఇవ్వాలి. చిన్న పలుకు తగిలినా పొలమారి ఊపిరాడక గిలగిల్లాడిపోతారు. పోయినేడు తుపానుకు మా అనకాపల్లిలో కరెంటు పోయి ఎంతకీ రాలేదు. మిక్సీ తిరగలేదు. గంజినీళ్లతో, మజ్జిగతో నెట్టుకొచ్చారు. ఆకలికి ఓర్చుకుంటూ ఆయన గోడవైపు తిరిగి పడుకోవడం చూశాక, ఇంకోసారి ఇలా జరగనివ్వకూడదనుకున్నాను.

అందుకే ఈ ఏడు వేసవి సెలవుల్లోనే ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టాను. అన్నం, పప్పు, కూరగాయలు ఉడికించి, ఆరబెట్టి, మెత్తటి పొడి చేసి, గాలి చొరబడకుండా వెండిరంగు కవర్లలో సీలు వేస్తారు. గోరువెచ్చని నీళ్లలో కలిపితే చాలు. కవరు విప్పకపోతే ఏళ్లతరబడి ఉంటుంది. బడులు తెరిచేలోపు వచ్చేస్తే అటక మీద పెట్టేసి, నేను నిశ్చింతగా పాఠాలు చెప్పుకోవచ్చు.

వస్తేగా. మొదట బయలుదేరిందన్నారు. తర్వాత విశాఖపట్నం గోదాములో ఉందన్నారు. మేము పొద్దున్నే బస్సెక్కి విశాఖ వెళ్లి, పని చూసుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తాం. ఆ పెట్టె మాత్రం అక్కడే కాపురం పెట్టింది. కంపెనీకి ఫోన్ చేస్తే పాట వేసేవాళ్లు. పాట అయ్యాక ఒకమ్మాయి తియ్యగా, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనేది. ఆకలిని అసౌకర్యం అంటారని నాకు అప్పుడే తెలిసింది. ఒకసారి, ఇంటికి వచ్చామనీ తాళం వేసి ఉందనీ మెసేజ్ పెట్టారు. పచ్చి అబద్ధం. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంటికి తాళం ఎవరు వేస్తారు? ఒళ్లు మండి అరిచాను. ఆ అమ్మాయి మళ్లీ పాట పెట్టింది.

సెలవులైపోయాయి. వానలూ వచ్చాయి. చివరికి, సముద్రంలో వాయుగుండం పట్టిందని టీవీలో చెబుతున్న రోజున, నేను బడికి వెళ్లగానే పెట్టె ఇంటికి చేరింది.

సాయంత్రం వచ్చేసరికి పెరట్లో తీగ మీద వెండిరంగు కవర్లు ఆరుతున్నాయి. అన్నీ కత్తిరించి, కడిగి, క్లిప్పులు పెట్టి ఉన్నాయి. డాబా ఎక్కితే, పాత చీర మీద పొడంతా పరిచి ఉంది. అమ్మ పక్కన కూర్చుని చేత్తో తిరగేస్తోంది. అప్పటికే మబ్బు కమ్మి, తేమగాలి మొదలైంది.

"ఏటమ్మా ఇది? ఎవరిప్పమన్నారు?"

"నిలవెట్టుకునీదే కదే. ఎండ సూపించకుండా దాత్తే పురుగట్టెయ్యదేటి? కవర్లు గట్టిగున్నాయి, పప్పులేసుకోడానికి పనికొత్తాయని కడిగేను."

అమ్మ కె. కోటపాడు రైతుల ఇంటి పిల్ల. చింతపండు కానీ, కందులు కానీ, మిరపకాయలు కానీ, ఎండ తగలకుండా ఏదీ ఆమె డబ్బాలోకి వెళ్లలేదు.

"పాడవకుండానే కదమ్మా సీలేసి పంపేరు. మొత్తం నాశనం సేసీసేవు" అని డాబా అదిరేలా అరిచాను. అమ్మ లేచింది. చీర నాలుగు కొసలూ కూడదీసి, మూట కిందికి మోసుకొచ్చింది. పొడిని స్టీలు డబ్బాలకెత్తాం.

తుపాను వచ్చింది. కరెంటు పోయింది. డబ్బా మూత తీస్తే పొడి ఉండలు కట్టేసింది. నాన్న గొంతు దిగనిది సరిగ్గా అదే. వేడినీళ్లు పోసి గరిటెతో ఎంత తిప్పినా ఆ ఉండలు కరగలేదు. విసుగెత్తి గ్లాసుడూ సింకులో పారబోశాను. విశాఖ గోదామునీ, ఆ పాటనీ, ఆ తియ్యటి గొంతునీ నోటికొచ్చినట్టు తిట్టాను.

అమ్మ నా చేతిలోంచి డబ్బా తీసుకుంది. వంటగది నేల మీద చతికిలబడి, ఒక్కొక్క ఉండా వేళ్ల మధ్య చిదిమి, నాన్న పాత పంచె గుడ్డలో జల్లించడం మొదలుపెట్టింది. గ్లాసుడు పొడికి ఆమెకు మధ్యాహ్నమంతా పట్టింది. నాన్న పొలమారకుండా తాగారు. గ్లాసు ఖాళీ చేసి, మళ్లీ నా ముందుకు చాపారు.

"ఇంకా కావాలంటన్నారమ్మా" అన్నాను.

"సేత్తన్నాను, ఉండమను" అంది, తలెత్తకుండానే.

గాలి తగ్గి సిగ్నల్ రాగానే మొదట వచ్చిన మెసేజ్ ఆ కంపెనీదే. 'ఆలస్యమైనా మీరు చూపిన సహనానికి ధన్యవాదాలు' అట. నాకు సహనం ఉందని వీళ్లకెవరు చెప్పారు? అది ఉన్న మనిషికి ఫోను లేదు. అప్పటికీ వంటగదిలో కూర్చుని ఉండలు చిదుముతూనే ఉంది.