వెనకాల వచ్చే ఖాళీ రిక్షా

ముసద్దిక్ సార్‌కి ఏ వస్తువైనా ఒక్కటే ఉందంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. గొడుగులు రెండు, కళ్ళజోళ్ళు రెండు, జేబులో దువ్వెనలు కూడా రెండు. తల మీద జుట్టు చూస్తే ఒక్క దువ్వెనకే చేతినిండా పని లేదు. కోటు లోపలి అంచున వరసగా అదనపు గుండీలు. భుజానికి గోనెసంచంత సంచి, అందులో చెప్పుల జత, తాళంకప్ప, కొవ్వొత్తి, ఇంట్లో సైకిలు లేకపోయినా సైకిలు పంపు. ఎవరు నవ్వినా ఆయనది ఒకటే జవాబు.

“ఒకటి ఉండనీ, ఎందుకైనా మంచిది.”

చిట్టగాంగ్‌లో, ఓడల కూత వినిపించేంత దూరంలో ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో ఆయన మొదటి ఏడాది పిల్లలకు సప్లై చైన్ ఓనమాలు దిద్దించేవారు. కుర్రతనంలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేశారట. చొక్కాలు తయారు, ఓడ తయారు, గుండీలు మాత్రం రాలేదు. గుండీలు వచ్చేసరికి ఓడ వెళ్ళిపోయింది. ఆ కథ చెప్పకుండా ఆయన ఏ పాఠమూ మొదలుపెట్టలేదు.

“పత్తి ఒక దేశానిది, దారం ఇంకో దేశానిది, కుట్టేది మనం, తొడుక్కునేది ఎవడో. ఇంత పెద్ద గొలుసు దేనిమీద ఆగిందర్రా?”

“గుండీ మీద సార్!” అని క్లాసు కప్పెగిరిపోయేలా అరిచేది. అందుకే ముందుజాగ్రత్తగా కాస్త నిల్వ పెట్టుకోవాలని, దాన్నే సేఫ్టీ స్టాక్ అంటారని చెప్పి, చేతిలో సుద్దముక్క బాగానే ఉన్నా చెవి మీది రెండో ముక్కను ఒకసారి తడిమి చూసుకునేవారు.

ఈద్ రోజు ఎవరైనా మూడుసార్లు కౌగిలించుకుంటారు. సార్ నాలుగోది కూడా ఇచ్చేవారు. తెలియనివాళ్ళు మూడోదానికే వెనక్కి తిరిగేవారు కాబట్టి నాలుగోది వాళ్ళ వీపుకి దక్కేది. అంతెందుకు, తన నిఖాలోనే మూడుసార్లు “కబూల్” అన్నాక ఒక్క క్షణం ఆలోచించి నాలుగోసారి కూడా అన్నారట. కాజీగారు ఉలిక్కిపడి, “అదెందుకయ్యా?” అన్నాడు.

“ఒకటి ఉండనీండి, ఎందుకైనా మంచిది.”

ఆ మాట ఎత్తితే సార్ భార్య ఇప్పటికీ నవ్వుతుంది. “ఆ నాలుగోదాన్ని నేనింకా వాడలేదు. పెద్ద గొడవ వచ్చినప్పుడు తీద్దామని దాచాను,” అంటుంది.

వీటన్నిటికీ మించినది రిక్షా. సార్ ఇంటినుంచి యూనివర్సిటీకి ఒక రిక్షాలో వస్తే, వెనకాల ఇంకో రిక్షా ఖాళీగా వచ్చేది. ముందుది షంసుది. మంచి వయసులో ఉన్నవాడు, ఎత్తురోడ్డు మీద కూడా పాట పాడుతూ తొక్కేవాడు. వెనకది ఖలీల్ చాచాది. తెల్లగడ్డం, అద్దంలా తుడిచిన బండి.

“సార్, వెనక బండిలో ఎవరొస్తున్నారు?” అని దారినపోయేవాళ్ళు అడిగేవారు.

“ప్రస్తుతానికి ఎవరూ లేరు. ఈ బండి టైరు పేలితే నేనొస్తా.”

ఆ ఖాళీ సీట్లో జిన్ను కూర్చుని వస్తోందని వీధిపిల్లలు గట్టిగా నమ్మి, వెనక రిక్షాకే సలాం కొట్టేవారు.

ఆ క్లాసులో నౌరీన్ అని ఒక పిల్ల ఉండేది. లెక్కల్లో పిడుగు, మాటల్లో అంతకంటే పిడుగు. ఒకసారి సార్ అందరికీ ఒక పని ఇచ్చారు. మన చుట్టూ ఏదో ఒక సరఫరా చూసి, అందులో దండగ ఎక్కడుందో పట్టుకోవాలి. మొహమాటం వద్దన్నారు. ఒకడు క్యాంటీన్‌లో సింగాడాలనే సమోసాల వెంట పడ్డాడు, ఒకడు చేపల మార్కెట్లో ఐసు వెంట పడ్డాడు. నౌరీన్ అయితే సార్ రిక్షాల వెంటే పడింది, క్లాసులో లేచి తన లెక్క చదివింది.

“ముందు రిక్షా టైరు ఇప్పటిదాకా ఎన్నిసార్లు పేలింది? ఒక్కసారి కూడా లేదు. పేలినా గేటు దగ్గర బోలెడు రిక్షాలు. కాబట్టి సార్, మీ రెండో రిక్షా శుద్ధ దండగ. ఇవాళే మాన్పించెయ్యాలి!”

క్లాసు బల్లలు చరిచి నవ్వింది. సార్ నవ్వలేదు. కిటికీ వైపు చూశారు. కిటికీ కిందే రెండు రిక్షాలూ నీడపట్టున ఆగి ఉన్నాయి.

“లెక్క సరిగ్గానే ఉందమ్మా,” అని నెమ్మదిగా అని, అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెకే వేశారు.

మర్నాడు సార్ ఒక్క రిక్షాలోనే వచ్చారు. దారి పొడవునా వెనక్కి తిరిగి తిరిగి చూసుకుని మెడ పట్టేసిందట. క్లాసులో గుండీ కథ చెప్పలేదు. నౌరీన్ మాత్రం ఏనుగెక్కినంత సంబరపడింది. సార్ అంతటివారు తన మాట విన్నారు మరి. ఆ సంబరంతోనే గేటు దగ్గర షంసుని పలకరించింది.

“ఏం షంసు భాయ్, చాచా ఎక్కడ?”

“మీరే కదా ఆపా పంపించేశారు! నిన్న కిటికీలోంచి అంతా వినపడింది. ‘నేను దండగట్రా షంసూ’ అని బండి తిప్పుకుని పోయాడు.”

“అయ్యో, నేను చాచాని అన్లేదు, రిక్షాని అన్నా!”

“ఆయనకి రెండూ ఒకటే. చూడండక్కా, చాచాకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. మనిషిని ఎక్కించుకుంటే నాలుగడుగులకే దమ్ము అందదు. సార్ ఊరికే సాయం చేస్తానంటే ‘నేనేమన్నా ముష్టివాణ్ణా’ అని ఎగిరిపడ్డాడు. అప్పుడు పుట్టింది ఈ వెనక రిక్షా ఉద్యోగం. మధ్యమధ్యలో సార్ ‘ఆలస్యంగా వచ్చావేం’ అని కసురుకునేవారు కూడా, నిజం ఉద్యోగంలా ఉండాలని.”

నౌరీన్‌కి సిగ్గేసింది. మార్కులు గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. చాచా ఎదురుగా టీకొట్లోనే ఉన్నాడు. బేలా బిస్కట్టు టీలో ముంచి, తినడం మరిచిపోయి, అది విరిగి గ్లాసులో పడుతున్నా చూడకుండా కూర్చున్నాడు. పక్కన బండి ఎప్పటిలాగే మెరుస్తోంది.

“చాచా, నా లెక్క తప్పు. రేపట్నించి రండి.”

“నీ లెక్క తప్పెందుకవుతుందే తల్లీ, మార్కులు కూడా వేశారటగా. పనిలేకుండా తీసుకుంటే అది ముష్టే. పని ఉంటే పిలు, వస్తా.”

పని ఉంటే! నౌరీన్ పరుగున షంసు దగ్గరకొచ్చింది.

“భాయ్, మీ టైరులో గాలి తీసెయ్యండి.”

“నా చేత్తో నా బండికా? తోబా తోబా! కావాలంటే మీరే తీస్కోండి. నేను అటు తిరిగి నిలబడతా.”

సార్ క్లాసు ముగించుకుని వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. రిక్షా టైరు నేలకు అంటుకుపోయి ఉంది. షంసు ఆకాశం వైపు చూస్తున్నాడు. నౌరీన్ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి, టీకొట్టు వైపు కేకేసింది.

“చాచా! సార్ బండి గాలి పోయింది! వానొస్తోంది, సార్ ఇల్లు చేరాలి!”

చాచా టీగ్లాసు వదిలేసి, బండి తోసుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. వస్తూనే టైరు మీద ఒక్క తన్ను తన్నాడు.

“చెప్పలా నేను! టైరన్నాక గాలి పోదా? ఆ లెక్కలేసిన పిల్ల ఏది, ఇప్పుడు రమ్మను!”

“ఇక్కడే ఉన్నా చాచా. తప్పైపోయింది.”

అంతలో నౌరీన్ కళ్ళు సార్ చేతుల మీద పడ్డాయి. సార్ తీరిగ్గా సంచి విప్పుతున్నారు. సంచిలో పంపు ఉంటుందన్న సంగతి ఆమె లెక్కలోకి తీసుకోనేలేదు. సార్ చెయ్యి లోపలికి పోయింది, దేన్నో పట్టుకుంది, ఆగింది. ఆయన చూపు టైరు మీదినుంచి నౌరీన్ ఓణీ అంచుకి వచ్చింది. వేళ్ళు తుడుచుకున్న చోట నల్లటి మరకలు. సార్ సంచి మూసేశారు.

“చూశావా ఖలీల్ భాయ్, పంపు తేవడం మర్చిపోయాను. నువ్వు లేకపోతే ఇవాళ నా గతేంటి?”

“అందుకే సారూ, ఒకటి ఉండాలి. ఎక్కండి!”

“నేనెక్కను. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఈ సంచి తీసుకెళ్ళు, నాకంటే అదే బరువు. పద పద, ఇప్పటికే ఆలస్యం చేశావు.”

ఆ కసురు విని చాచా మొహం వెలిగిపోయింది. సంచి సింహాసనం ఎక్కినట్టు సీటెక్కింది. సార్ ఒక గొడుగు తను వేసుకుని, రెండోది విప్పి బండి పక్కనే నడుస్తూ చాచా తల మీద పట్టారు. సంచి మూతిలోంచి పంపు పిడి బయటికి తొంగిచూస్తోంది. నౌరీన్ గబగబా వెళ్ళి దాన్ని లోపలికి నొక్కేసింది.

“ఏంటే అది?” అన్నాడు చాచా.

“ఏం లేదు చాచా, సార్ మూడో గొడుగు.”

వాళ్ళు వానలో మెల్లగా సాగిపోయారు. గాలి పోయిన బండిని తోసుకుంటూ షంసు వెనకాలే బయల్దేరాడు. సందు మొగలో పిల్లలు ఆ వెనక వస్తున్న ఖాళీ రిక్షాకి ఎప్పటిలాగే సలాం కొట్టారు.