గొట్టం మీది ఇత్తడి చెంబు

మా వాకిట్లో ఒక జీపు ఉంది. చక్రాల్లో గాలి లేదు. బానెట్ కింద ఇంజన్ ఉందిగానీ ఉన్నా లేనట్లే. కోళ్లు దాని నీడన పడుకుంటాయి. ఆళ్లగడ్డలో మా వీధికి కొత్తగా వచ్చినోళ్లు చూసి, పాత ఇనుముకు వేసేయొచ్చు గదప్పా అంటారు. నాకు ఒళ్లు మండుతాది. మీ సొమ్మేం పాయె అంటా. అంతకంటే ఏం చెప్పేది?

అది మా అన్న జీపు. అన్న తోలేవాడు, నేను పక్కన కూర్చునేవాణ్ణి. అహోబిలం కొండల్లో పావన నరసింహస్వామి గుడికి యాత్రికులను ఎక్కించుకొని పోతాంటిమి. ఆ దోవ దోవే కాదు. గుండ్లు, గుంతలు, వాగులు. ఫోర్‌వీల్ గేరు వేస్తే తప్ప బండి కదలదు. వానాకాలంలో నల్లమల వాగులను నమ్మేదానికి లేదు. పొద్దున మోకాళ్లకాడ ఉన్న నీళ్లు, పైన యాడో వాన పడితే మధ్యాన్నానికి నడుం దాకా వస్తాయి.

అందుకే అన్న వాగు గట్టున బండి ఆపి ముందు తాను దిగేవాడు. పంచె ఎగ్గట్టి, కట్టె పట్టుకొని, అవతలి గట్టు దాకా నీళ్లలో నడిచి తిరిగొచ్చేవాడు. 'ఏందప్పా ఇంత సేపు, దర్శనం టైమైపోతాంది' అని వెనక కూర్చున్నోళ్లు గొణిగేది. అన్నకు వినపడనట్లే ఉండేది. నాకు మాత్రం ఆగేది కాదు. 'అంత తొందరైతే దిగి ఈదుకుంటా పోండి' అనేవాణ్ణి. అన్న నవ్వుకుంటా ముందరి జాలీకి టార్పాలిన్ పట్ట కట్టేవాడు, నీళ్లు నేరుగా ఇంజన్ మీదికి కొట్టకుండా. ఫ్యాను నీళ్లలో తిరిగితే లోపలంతా చిమ్ముతాదని బెల్టు ఊడదీసేవాడు. ఆ తర్వాత చిన్న గేరులో, మనిషి నడిచినంత నిదానంగా, నడిమధ్యలో ఆపకుండా, గేరు మార్చకుండా దాటించేవాడు.

ఇవన్నీ ఒకెత్తు, గొట్టం ఒకెత్తు. ఇంజన్ గాలి పీల్చే నోరు బానెట్ కిందే ఉంటాది. వాగులో ఆ నోరు నీళ్లు పీల్చిందంటే అంతే సంగతి. దానికని అన్న బోరు పైపు ముక్క ఒకటి తెచ్చి, ఆ నోటికి బిగించి, అద్దం పక్కగా జీపు కప్పు దాకా లేపినాడు. అతుకులకు సైకిల్ ట్యూబు చుట్టినాడు. ఇంక పైన మూత కావల్ల. వాన లోపలికి పడకూడదు, గాలి మాత్రం పోవల్ల. ఏం పెట్టల్లరా దేవుడా అని అన్న తల పట్టుకొని కూర్చుంటే, మా వదిన లోపలికి పోయి పుట్టింటినుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు తెచ్చి చేతికిచ్చింది. అన్న గొట్టం చుట్టూ మూడు ఊచలు నిలబెట్టి వాటి మీద చెంబు బోర్లించినాడు. కింది సందులోనుంచి గాలి పోతాది, పైన వానకు అడ్డం. "నా చెంబు నెత్తిన పెట్టుకొని కొండెక్కుతాండావ్, పోగొట్టుకొనొస్తే ఇంట్లోకి రానియ్య" అని వదిన ఎగతాళి చేసేది.

నాకు తోలేది నేర్పించేటప్పుడు అన్న ఒక మాట మళ్లీ మళ్లీ చెప్పేవాడు. "నీళ్లు పోయినాయని అనుమానమొస్తే తాళం ముట్టుకోవద్దురా. గాలి అణుగుతాది, నీళ్లు అణగవు. తిప్పినావంటే లోపల ఇనుమే వంగుతాది."

అట్లాంటి మనిషికి ఒక పొద్దున పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయినాయి. మాట ముద్దముద్దగా అయింది. నంద్యాలకు తీసుకపోయినాం. ప్రాణానికి భయం లేదన్యారు, చేతికి మాత్రం మాట ఇయ్యలేదు. అన్న మంచంలో పడుకొని రబ్బరు బంతి పిసుకుతాండేవాడు. కుడి చేత్తో కాకపోతే ఎడమ చేత్తో. రోజంతా అదే పని. నేను కొండకు పోయి సాయంత్రం బండి వాకిట్లోకి తెస్తే, చప్పుడు విని "బెల్టు వదులైంది" అనో "ఆయిలు చూసుకో" అనో లోపలినుంచే చెప్పేవాడు. ఆ మనిషికి ఉన్న ఆశంతా మళ్లీ ఆ సీట్లో కూర్చోవల్లనే. వేరే ఏం అడిగినాడు పాపం? తిండి కూడా గట్టిగా అడగలేదు.

మహర్నవమికి ఆయుధ పూజ. "ఈసారి తాళం నేనే తిప్పుతా" అన్యాడు అన్న. వదిన ఒప్పుకోలేదు. "కుడి చెయ్యి లేస్తాందా నీకు? పూజ పొద్దు ఎడమ చెయ్యి పెడతావా బండికి? అరిష్టం!" అని అరిచింది. అన్న బంతి పిసుకుతా ఊరికే చూసినాడు. ఆ చూపుకు ఆయమ్మ కరిగిపోయింది. సరేలే, నీ ఇష్టం అనింది.

నేను గుమ్మడికాయకూ పూలకూ బజారుకు పోయినా. నేను వచ్చేలోపల వదిన ఒక్కతే జీపునంతా కడిగింది. మొగుడు మళ్లీ సీట్లో కూర్చుంటాండాడని ఆయమ్మకు ఎంత సంబరమో! బోరు మోటరు వేసి, స్టూలెక్కి, పైపు పెట్టి కప్పు మీదినుంచి కొట్టింది. పండగ గదా, ఇత్తడి సామాను చింతపండుతో తోమే పొద్దు. గొట్టం మీది చెంబును కూడా నీళ్లు కొట్టకముందే తీసి తోమింది. తోమితే బంగారం మాదిరి మెరిసింది. మెరిసేసరికి దాన్నే కలశం చేసింది. నీళ్లు పోసి, మామిడాకులు పెట్టి, టెంకాయ పెట్టి, గుడ్డ చుట్టి జీపు ముందర పీట మీద పెట్టింది. బోసిగా ఉన్న గొట్టానికేమో నేను తెచ్చిన చామంతి దండలు దండిగా చుట్టింది. గొట్టం నోరు ఎవరికీ కనపడలేదు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాం. నేను అన్నను ఎత్తి సీట్లో కూర్చోబెట్టినా. కొత్త చొక్కా. స్టీరింగును ఎడమ చేత్తో తడిమి తడిమి చూసినాడు. కండ్లల్లో నీళ్లు. వీధిలోవాళ్లంతా వచ్చి నిలబడినారు. అన్న ఎడమ చెయ్యి చాపి తాళం తిప్పినాడు.

ఇంజన్ ఒక్కసారి మూలిగింది. ఠంగుమని లోపల ఏందో విరిగిన చప్పుడు. అంతే, ఆగిపోయింది. అన్న నిప్పు తగిలినట్ల చెయ్యి వెనక్కి తీసుకున్యాడు. మళ్లీ తిప్పలేదు. ఆ చప్పుడేందో ఆయప్పకు చెప్పాల్సిన పని లేదు.

నేను బానెట్ ఎత్తి గాలి డబ్బా మూత విప్పినా. నీళ్లు బుడబుడా కారి నా కాళ్ల మీద పడినాయి. వాగు నీళ్లైతే ఎర్రగా, బురదగా ఉంటాయి. ఇవి తేటగా ఉన్నాయి. మా బోరు నీళ్లు. దండలు పక్కకు లాగి చూసినా, గొట్టం మీద చెంబు లేదు. తల తిప్పితే పీట మీద కలశం. అన్న కూడా దాన్నే చూస్తాండాడు.

వదిన వెనక చక్రం కాడ టెంకాయ కొడతాంది. కింద నేలంతా ముందే తడి గదా, ఆయమ్మకు ఏం తెలీలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం పని చేసినావో చూడు అని గొంతు చించుకోబోయినా. అన్న ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకున్యాడు. ఆ చేతిలో అంత బలముందని నాకు ఆ పొద్దే తెలిసింది. బంతి పిసికి పిసికి తెచ్చుకున్న బలం. నన్ను దగ్గరికి గుంజి "చెప్పొద్దు. ఎప్పుడూ చెప్పొద్దు" అన్యాడు. తర్వాత వీధంతా వినపడేటట్ల, ముద్ద మాటల్లోనే అరిచినాడు. "నా చెయ్యే! నా ఎడమ చెయ్యే! పాడు చెయ్యి, బండిని చంపింది!"

వదిన టెంకాయ చిప్పలు కింద పారేసి నెత్తి కొట్టుకుంది. "వద్దంటే వింటివా? పూజ పొద్దు ఎడమ చెయ్యి వద్దంటే వింటివా?" అని ఏడిచింది. నేను బానెట్ మూసినా.

మెకానిక్ వచ్చి చూసి, రాడ్డు వంగి ఇంజన్ పక్కగోడ పగలగొట్టింది, ఇంక దీంట్లో ఏం లేదప్పా అన్యాడు. నీళ్లెట్ల పోయినాయని అడగబోతే, నోరు మూసుకోమని సైగ చేసినా.

ఆ తర్వాత అన్నను వదిన దేన్నీ ముట్టుకోనియ్యలేదు. నీళ్ల గ్లాసు పట్టుకోబోయినా "ఇంక చాల్లే, ఆ చెయ్యి చేసిన ఘనకార్యం చూసినాం గదా" అనేది. కోపం కాదు, ఆయమ్మ బాధ అట్ల వచ్చేది. వదిన లేనప్పుడు "చెప్పేస్తాన్నా, నావల్ల కాదు" అంటే అన్న తల అడ్డంగా ఊపేవాడు. "నన్ను తిట్టి బతుకుతాది. తన్ను తిట్టుకుంటే బతకదు" అన్యాడు ఒకసారి. ఆ నాలుగు మాటలు పలికేదానికి ఎంత సేపు పట్టిందో. బంతి మంచం కిందికి దొర్లిపోతే మళ్లీ అడగలేదు. ఇంకెందుకులే అని నేనూ తీసియ్యలేదు. ఉగాది రాకముందే పోయినాడు.

ఇప్పుడు నేను నంద్యాలకూ చాగలమర్రికీ వేరేవాళ్ల టెంపో తోలుతాండా. దాంట్లో వాగుల పని లేదు. వదిన పండగ పండక్కీ ఆ చెంబును తోముతాది. తోమి మళ్లీ గొట్టం మీద బోర్లిస్తాది. మబ్బు పట్టినప్పుడు చెంబు కింద పెట్టి మరిచిపోయినామంటే, "బేగా పోయి బోర్లించుప్పా, లోపలికి నీళ్లు పోతే ఇంజన్ పాడైపోతాదని మీ అన్న చెప్తాండె" అని నన్ను తరుముతాది. నేను పోయి బోర్లిస్తా.

మొన్న ప్యాపిలినుంచి వదిన తరపువాళ్లు వచ్చినారు. జీపును చూసి ఏమైందని అడిగినారు. వదిన కొంగుతో కండ్లు తుడుచుకుంటా అంతా చెప్పింది. "ఆయప్ప పూజ పొద్దు ఎడమ చెయ్యి పెట్టినాడు. బండీ పాయె, ఆ దిగులుతో మనిషీ పాయె. నేను వద్దని ఎంత మొత్తుకున్యానో ఈయప్పను అడగండి" అని నా పక్క తిరిగింది. "నా మాట వినిండుంటే ఈ పొద్దు మనిషి ఉండేవాడు గదప్పా?"

"ఉండేవాడు వదినా" అన్యా.